గడ్డి మోసిన గోనె

నేను ఒక గోనెసంచిని. ఇప్పుడు నన్ను చూస్తే సంచి అనడానికి కూడా మీకు మనసొప్పదు. పులికాట్ సరస్సు గట్టున, గువ్వలకుప్పం చివర, మనుషులు లేని ఒక గుడిసె కంచె మీద వేలాడుతున్న మురికి పేలికను. ఒళ్లంతా కంతలే కాబట్టి దారిన పోయే ప్రతి మాటా నాలోకి దూరిపోతుంది. దూరిన మాటను దాచుకునే ఓపిక నాకు లేదు, అందుకే చెబుతున్నాను. ముందే చెప్పేస్తున్నా, ఇందులో చివరికి మంచి జరగదు. మంచి జరిగే కథ కావాలంటే వెళ్లి ఏ వెండిగిన్నెనో, పెళ్లిపీటనో అడగండి.

పుట్టింది ఉత్తరాన ఒక జనపనార మిల్లులో. నేసి, అంచులు కుట్టి, పొట్టమీద నీలిరంగుతో ఎవరిదో పేరు అచ్చువేసి లారీ ఎక్కించారు. ఆ పేరుగలాయన ముఖం నేనెన్నడూ చూడలేదు. మనుషులకు ఇదో పిచ్చి, ముందు పేరు వేసేస్తారు, తర్వాత సంగతి తర్వాత. నాయుడుపేట వైపు ఒక రైసుమిల్లులో మొదటిసారి బియ్యం మోశాను. అబ్బ, ఏం వైభోగం! దించే ప్రతివాడూ "మెల్లగా, మెల్లగా, జాగర్త" అనేవాడు. అది నామీద గౌరవమనుకుని మురిసిపోయాను. బియ్యం గుమ్మరించుకుని నన్ను మూలకు విసిరినప్పుడు తెలిసొచ్చింది ఆ జాగర్త ఎవరికో. తర్వాత ఉల్లిగడ్డలు మోశాను, ఆ తర్వాత బొగ్గులు. చివరికి సూళ్లూరుపేటలో ఒక కిరాణాకొట్టు వెనక, చిరిగిన సంచుల కుప్పలో పడ్డాను.

అక్కడికి ఒక అమ్మాయి వచ్చి, "ఈ చిరిగినవి నాకిస్తారా అంకుల్?" అంది. కొట్టాయన ఆమెను ఎగాదిగా చూశాడు. నేనూ చూశాను. మా బతుకులో మమ్మల్ని అడిగి తీసుకెళ్లినవాళ్లు లేరు మరి. ఆమె పేరు హైమవతి. సముద్రంలో, సరస్సుల్లో పెరిగే గడ్డి గురించి చదువుకున్న మనిషి. కుప్పంలో అందరూ మేడమ్ అనేవాళ్లు. మమ్మల్నందరినీ ఆటోలో కుదేసి గువ్వలకుప్పం తెచ్చింది.

గువ్వలకుప్పం జాలర్ల ఊరు, ఈ వైపు జాలర్ల పల్లెను కుప్పమంటారు. ఒకప్పుడు ఈ సరస్సు అడుగంతా గడ్డేనట. వలకు చుట్టుకుంటే జాలర్లు దాన్ని పాచి అని తిట్టేవాళ్లు. సముద్రం నీళ్లొచ్చే ముఖద్వారం ఇసుకతో పూడుకుపోయి, నీళ్లు మురిగి, ఎండాకాలంలో ఉప్పెక్కిపోయి, ఆ గడ్డి చోటుచోటుగా చచ్చిపోయింది. గడ్డితోపాటు దాంట్లో తలదాచుకునే రొయ్యపిల్లా పోయింది. అప్పుడు తిట్టడం మానేశారు, అంతే.

మేడమ్ చెప్పిన పద్ధతి వింటే మీకు నవ్వొస్తుంది. యంత్రాలు అక్కర్లేదు, నీళ్లలో మునిగే నిపుణులు అక్కర్లేదు. పాత గోనెలో మట్టీ ఇసుకా సగానికి నింపి, పరుపులాగా సర్ది మూతి కుట్టెయ్యాలి. పైన కత్తితో గాట్లు పెట్టి, గడ్డి ఇంకా బతికున్నచోటు నుంచి వేళ్లతో సహా తెచ్చిన పిలకలు ఒక్కో గాట్లో దూర్చాలి. నడుములోతు నీళ్లలో వరసగా పరిచి, కదలకుండా సరుగుడు పుల్లలు గుచ్చాలి. ఆ వేళ్లు గోనె దాటి నేలలోకి దిగేసరికి గోనె కుళ్లి మట్టిలో కలిసిపోవాలి. "ఇక్కడ పట్టుకుంటే దీంట్లోంచే పిలకలు తీసి పక్క కుప్పానికిద్దాం. వాళ్లు ఆ పక్కవాళ్లకిస్తారు. గోనెలకేం కరువు? ఇట్లా ఇట్లా సరస్సంతా పరిచేయొచ్చు" అని చేతులు బార్లా చాపి చూపించింది. గోనె కుళ్లిపోవాలి అని ఎంత తేలిగ్గా అనేసిందో! అయినా నాకు కోపం రాలేదు. ఇన్నాళ్లూ నన్ను ఖాళీ చేసి విసిరేసినవాళ్లే. నన్నే తిని పెరగడానికి ఒక ప్రాణం కావాలంటోంది ఈమె.

నన్ను నింపి కుట్టిన చేతులు చెంగమ్మవి. యానాదుల మనిషి. కుప్పం చివర ఈ గుడిసె ఆమెదే. మొగుడు పెంచలయ్య, చంకలో ఒక పసిపిల్ల. చెంగమ్మకు వలా లేదు, పడవా లేదు. నీళ్లలో మోకాళ్లమీద కూర్చుని, బుట్ట తాడు పళ్లతో పట్టుకుని, రెండు చేతులతో బురద తడుముతూ రొయ్యలు పట్టేది. వాళ్ల అమ్మ అట్లాగే పట్టింది, అమ్మమ్మ అట్లాగే పట్టింది. రొయ్య కాళ్లు వేలికి తగిలీ తగలకముందే పిడికిలి మూసేస్తుంది. గడ్డి పోయాక ఆ చేతులకు బురద తప్ప ఏమీ తగలడం లేదు.

రొయ్య లేకపోతే మిగిలేది ఇటుకబట్టీ. తమిళనాడు వైపు బట్టీలకు మేస్త్రీ లారీల్లో జనాన్ని ఎక్కించుకుపోతాడు. చెంగమ్మ ఒకసారి పోయింది. మొదటి బిడ్డకు ఆ దుమ్ములో ఎగశ్వాస పట్టుకుంటే, బట్టీ పక్కన సరుగుడు తోపులో పూడ్చిపెట్టి వచ్చింది. అందుకే సంచులు కుట్టేరోజు పెంచలయ్య, "ఈ గడ్డీగాదం ఎందుకు మే, మేస్త్రీ మళ్లీ కబురంపినాడు" అంటే సూది ఆపి మొగుడి ముఖంలోకి చూసింది.

"ఈ పిల్లనుగూడా ఆడ పూడ్చిపెట్టాల్నా?"

పెంచలయ్య తల దించుకున్నాడు. చెడ్డవాడు కాదు, ఆకలేస్తున్నవాడు. "సరే. వానలు పోయినాక ఈ నీళ్లలో రొయ్య పడితే ఉందాం. పడకపోతే?" అన్నాడు.

"పడకపోతే లారీ నేనే ముందు ఎక్కతా" అంది చెంగమ్మ. దారం కొరికి, నా మూతి గట్టిగా ముడివేసింది.

గడ్డి నాటడానికి చోటు కావాలంటే కుప్పానికి పెద్దకాపు, అంటే ఊరిపెద్ద, ఏకాంబరం ఒప్పుకోవాలి. ఏకాంబరం న్యాయం తప్పని మనిషి. ఆయన తీర్పు చెబితే ఓడినవాడు కూడా టీ ఇప్పించి పోతాడని పేరు. ఒడ్డునుంచి వేలు చూపించి, "ఆ మూల బురద మా వాళ్లెవరికీ పనికిరాదు మేడమ్. ఏందో వేసుకోండి, పుణ్యముంటాది" అన్నాడు. చెంగమ్మా, ఇంకో నలుగురు యానాది ఆడవాళ్లూ నీళ్లలో దిగి మమ్మల్ని పరిచారు.

నీళ్లలో బతుకు మొదట్లో నాకు నచ్చలేదు. పీతలు గిల్లేవి. ఉప్పు ఒంట్లోకి పాకేది. నాలో దూర్చిన పిలకలు పసుప్పచ్చగా వాలిపోతే, ఇది బతికినట్టే అని నేనే వెక్కిరించుకున్నాను. కానీ ఒకరోజు లోపల ఏదో మెత్తగా గుచ్చుకుంది. తెల్లటి వేరు, దారంకంటే సన్నం. అది నా పోగు ఒక్కటి పక్కకు జరిపి, కింద నేలలోకి దిగింది. దాని వెనక ఇంకోటి. పక్క సంచిలోంచి వచ్చిన వేరు నాలో దూరింది, నాది దాంట్లో దూరింది. ఎండాకాలం తిరిగేసరికి ఏది ఎవరి గడ్డో తెలియకుండా పోయింది. చెంగమ్మ ప్రతి పొద్దూ వచ్చి కాలితో తడిమి చూసేది, ఎక్కడైనా పుల్ల ఊడితే మళ్లీ గుచ్చేది, గడ్డిమీద పేరుకున్న మురికిని చేత్తో కదిలించి వదిలేది. నేను కుళ్లుతున్నాను, సంతోషంగా కుళ్లుతున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ నా బతుకులో అంతకంటే మంచికాలం లేదు.

వానలు పడ్డాయి. మంచినీళ్లూ ఉప్పునీళ్లూ కలిశాయి. ఒక తెల్లవారుజామున నామీద ఏదో చిటుక్కుమంది. రొయ్యపిల్ల! గాజుముక్కలాగా, అవతలివైపు కనిపించేంత పల్చగా. మర్నాటికి గడ్డినిండా అవే. చెంగమ్మ వచ్చి చెయ్యి పెట్టింది, ఉలిక్కిపడి తీసింది, మళ్లీ పెట్టింది. బుట్ట తాడు పళ్లమధ్య ఉండగానే ఏడ్చింది. నోరు తెరవలేదు కాబట్టి ఆ ఏడుపు ఒడ్డునున్న మొగుడికి వినపడలేదు. ఆరోజు ఆమె ఒక్కటి కూడా పట్టలేదు. "ఇంకొంచెం ఎదగనీ తల్లీ" అని నీళ్లతో చెప్పి పోయింది.

రొయ్యపిల్ల కాస్త ఎదిగింది. ఎదిగినదాన్ని ఎవరు దాచగలరు? కొంగలు వచ్చాయి, కొంగలను చూసి జాలర్లు వచ్చారు. ఇద్దరు ఆ నీళ్లు నావంటే నావని గట్టుమీద గొంతులు పట్టుకున్నారు. ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు, ఈ కంచె మీదికి చేరాక దారిన పోయేవాళ్ల నోట విన్నాను. ఏకాంబరం ఆ ఇద్దరినీ విడదీసి కుప్పాన్ని వలల కొట్టం దగ్గర పోగుచేశాడు. ఈ సరస్సులో ఏ నీళ్లూ ఒకరి సొంతం కావు. చేప పడే ప్రతి చోటుకీ చీటీలు వేసి, ఒక్కో ఇంటికి ఒక్కో రోజు వంతు ఇస్తారు. ఆ వంతును పాడు అంటారు. ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే చీటీ, ఒకటే కుండ. తాతల నాటినుంచి కుప్పంలో తలలు పగలకుండా కాపాడుతున్నది అదే. పాడు లేని నీళ్లలో రొయ్య పడితే ఏం చెయ్యాలి? పాడులో కలపాలి. ఏకాంబరం కలిపాడు. ఆయనకు ఇంకో న్యాయం తెలియదు.

యానాదులకు పాడులో ఎప్పుడూ వంతు లేదు. చెంగమ్మ కొట్టం బయట నిలబడి, "నా సంగతేంది కాపా? అది నేను పెంచిన నీళ్లు గదా?" అని అడిగింది.

"పెంచలేదని ఎవురన్నారు మే?" అన్నాడు ఏకాంబరం, ఎంతో మెత్తగా. "చేత్తో పట్టుకునేవాళ్లను మేమెప్పుడన్నా అడ్డుకున్నామా? వల ఎత్తినాక దిగి నీ కడుపుకు సరిపడా ఏరుకో. ఒకరికి వదిలితే రేపు అందురూ నాకు నాకంటారు. అప్పుడు పాడు ఏమైపోవాల?"

"లాగుడువల ఏస్తే గడ్డి ఊడిపోతాది కాపా. మేడమ్ మరీమరీ చెప్పింది."

"గడ్డే గదమ్మా! కోస్తే మళ్లీ మొలవదా?"

కొట్టంలో అందరూ తలలూపారు. పొలంలో గడ్డి చూసిన తలలు మరి. కోసిన గడ్డి మొలుస్తుంది, నిజమే. వేళ్లతో పెరికిన గడ్డి ఎక్కడ మొలుస్తుంది? చెంగమ్మ చెబుతూనే ఉందట, అప్పటికే కుండలో చీటీలు గలగలమంటున్నాయట.

మొదటి పాడు కోదండానికి వచ్చింది. అందరితో నవ్వుతూ ఉండేవాడు, చెంగమ్మ పిల్లకు బిస్కెట్లు కొనిచ్చేవాడు. అయితే ఒకటి చూడండి. పాడు ఒక్కరోజుది. ఆ ఒక్కరోజులో వాడు తీసుకున్నదే వాడిది, మిగిల్చినది రేపటివాడిది. ఎవడు మాత్రం మిగులుస్తాడు? కోదండం వల అడుగుకు ఇనుప గొలుసు కట్టి తెచ్చాడు.

ఆ గొలుసు చప్పుడు నాకు దూరంనుంచే తెలిసింది. బురద అదిరింది. ముందు వరసలో నాతోపాటు ఆటోలో వచ్చిన సంచులు ఫట్‌మని లేచాయి. వాటిలో ఏముందని, మాలో సగం పోగులు ఎప్పుడో కుళ్లాయి, వేళ్లే మమ్మల్ని కలిపి పట్టుకున్నాయి. ఆ వేళ్లను గొలుసు ఒక్కొక్కటే తెంపుకుంటూ వచ్చింది. నేను కాస్త పల్లంలో ఉన్నాను కాబట్టి నన్ను సగానికి చీల్చి మీదినుంచి పోయింది. అదృష్టమంటారా? నాకేం అట్లా అనిపించలేదు. ఒకవైపునుంచి మరోవైపుకు లాగాడు, మళ్లీ లాగాడు. మర్నాడు ఇంకొకడి పాడు, వాడూ లాగాడు. ఆ తర్వాత ఇంకొకడు. గట్టుమీద గడ్డి కుప్పలు కుప్పలుగా పడి ఎండి కంపుకొట్టిందట. ఒక ఏడాది పెరిగినది అన్ని ఇళ్లకూ చీటీ తిరక్కముందే అయిపోయింది. అందరికీ సమానంగా న్యాయం చేసుకుంటూ, ఒకరినొకరు ఒక్క మాట అనుకోకుండా ఆ గడ్డిని చంపారు. కొట్టుకుని చంపినా నాకు ఇంత మంట ఉండేది కాదు.

వల ఎత్తాక ఏరుకోవడానికి చెంగమ్మ రోజూ దిగేది. ఏమీ మిగలని నీళ్లలో ఏరుకోవడానికేముంది? మొదటిరోజు కోదండమే పిలిచి బుట్టెడు రొయ్యలు ఇవ్వబోయాడు. "తీసుకో చెంగమ్మా, నీ చలవే" అన్నాడు, మనస్ఫూర్తిగా. ఆమె పుచ్చుకుంది. పుచ్చుకోకపోతే ఇంట్లో పిల్లకు ఏం పెడుతుంది?

మేడమ్ వచ్చి గట్టుమీద ఎండిన కుప్పలు చూసి చతికిలబడిపోయిందట. అలలకు ఆగుతుందా, పీతలు కొరుకుతాయా, ఉప్పుకు తట్టుకుంటుందా అని అన్నీ ఆలోచించింది పిచ్చితల్లి. చీటీల కుండ ఆమెకు తట్టలేదు. ఎట్లా తడుతుంది? పద్ధతిలో ఏ తప్పూ లేదు. గడ్డి మొలిచింది, రొయ్య వచ్చింది, ఆమె చెప్పినవన్నీ జరిగాయి. "మళ్లీ వేద్దాం చెంగమ్మా. ఎట్లాగైనా పెద్దవాళ్లను ఒప్పిస్తాను. ఇంకో ఏడాది ఆగగలవా?" అని అడిగింది.

చెంగమ్మ పిల్లను చంక మార్చుకుని, "నేను ఆగతా మేడమ్. ఇది ఆగదు" అంది.

మేడమ్ ఆ గట్టుమీదే ఏకాంబరంతో మాట్లాడింది. ఏం చెప్పిందో, ఎట్లా చెప్పిందో, ఆయనకు రెండురోజులు అన్నం సయించలేదట. మళ్లీ కుప్పాన్ని పోగుచేశాడు. "మనం చేసింది తప్పు. ఆ నీళ్లకు ప్రాణం పోసింది చెంగమ్మ. ఈ దఫా మొదటి పాడు దానిదే. ఇకమీదట కుండలో దాని పేరుగూడా ఉంటాది" అన్నాడు. కుప్పం పుట్టాక యానాదులకు పాడు ఇవ్వడం అదే మొదటిసారి. ఒక్కడు కూడా కాదనలేదు. కోదండం చప్పట్లు కొట్టాడట.

ఇంత పెద్ద మనసు వాళ్లకు మొదటి వల పడకముందే ఉండి ఉంటే! గడ్డి ఉన్నప్పుడు ఇవ్వలేని వంతును, ఉత్త బురద మిగిలాక చేతుల్లో పెట్టారు. పైగా అది వాళ్లకు తెలియదు. నాలుగురోజులు వల వెయ్యకపోతే రొయ్య అదే వస్తుందిలే అనుకున్నారు.

చెంగమ్మ పాడు రోజున కుప్పమంతా గట్టుమీదికి వచ్చింది. ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని మరీ వచ్చారు. ఏకాంబరం కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. ఆమె బుట్ట తాడు పళ్లతో పట్టుకుని దిగింది. నేను సగం చీలి బురదలో ఉన్నాను. ఆమె చేతులు తడుముకుంటూ తడుముకుంటూ నా దగ్గరికి రావడం తెలుస్తూనే ఉంది. ఈ మూలనుంచి ఆ మూలకు, ఆ మూలనుంచి ఈ మూలకు. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు, దిగాడు. ఒక్క రొయ్య తగల్లేదు. చేతివేళ్ల చివర్లు తెల్లగా నాని ముడుచుకుపోయాయి. చివరికి ఆ వేళ్లు నాకు తగిలి ఆగాయి. అంచున తన కుట్టును గుర్తుపట్టింది. నాలో ఒక మూల, ఎట్లా మిగిలిందో, చిన్న గడ్డిపిలక ఇంకా పట్టుకుని ఉంది. దాన్ని వేలితో నిమిరింది. నేను అక్కడే ఉండిపోయేదాన్ని, ఆ పిలక నాలోంచే మళ్లీ పాకేదేమో, ఎవరు చూడొచ్చారు.

ఆమె తలెత్తి గట్టు చూసింది. అంతమంది ఆశగా చూస్తున్నారు. ఖాళీ బుట్టతో పైకి పోతే ఏం జరుగుతుంది? జాలిపడతారు. ఏకాంబరం తలదించుకుంటాడు. ఎవరో ఒకరు మళ్లీ ఒక బుట్ట రొయ్యలు తెచ్చి చేతిలో పెడతారు. అది ఇంకోసారి పుచ్చుకునే ఓపిక ఆమెలో లేదు. నన్ను బురదలోంచి పెకలించి, ముద్దచేసి, బుట్టలో కుక్కి, పైన తడిగుడ్డ కప్పింది.

"ఏం చెంగమ్మా, పడ్డాయా?" అని కోదండం గట్టుమీదినుంచే కేకేశాడు.

"పడ్డాయన్నా" అంది.

గట్టంతా ఈలలు, కేకలు. ఏకాంబరం లేచి, "సంతోషం తల్లీ" అని రెండు చేతులూ ఎత్తాడు. ఆమె బుట్ట నెత్తిన పెట్టుకుని, బరువున్నట్టే నడిచింది.

గుడిసెలో పెంచలయ్య గుడ్డ తీసి చూశాడు. పొయ్యిమీది తపేలా దించి, మూటలో కట్టుకోవడానికి కడగడం మొదలుపెట్టాడు. చెంగమ్మ పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, దాని గుండెమీద చెయ్యి వేసి, ఊపిరి ఎట్లా ఆడుతోందో చూసుకుంటూ కూర్చుంది. నన్ను తెచ్చి కంచె మీద వేసిందెవరో నాకు గుర్తులేదు. పెంచలయ్య కబురు పంపితే తెల్లారి మేస్త్రీ లారీ వచ్చింది. తానన్నట్టే ముందు ఆమె ఎక్కి, పిల్లను అందుకుంది.

నాలో ఉన్న పిలక ఆ పొద్దే ఎండిపోయింది.

తర్వాత కొన్నాళ్లకు ఏకాంబరం, కోదండం ఈ దారినే పోతూ ఆగారు. గుడిసె తలుపు ఊడి పడి ఉంది. ఏకాంబరం కంచెమీద చెయ్యి వేసి లోపలికి తొంగిచూసి నిట్టూర్చాడు.

"పాడు ఇచ్చినాం, రొయ్యా పడింది. మళ్లీ ఎందుకు పోయినట్టురా?"

"నేనే అడిగినా గదా, పడ్డాయనే చెప్పింది" అన్నాడు కోదండం.

"మనం చెయ్యాల్సింది మనం చేసినాం. వాళ్లకు ఒకచోట కాలు నిలవదబ్బా, ఏం చేస్తాం" అన్నాడు ఏకాంబరం. నిజంగా బాధపడే అన్నాడు. "రేపు చీటీల్లో దాని పేరు తీసేయండి."

ఆయన చెయ్యి నాకు జానెడు దూరంలో ఉంది. ఆ బుట్టలో పడిందేమిటో నేనొక్కదాన్నే చెప్పగలను, నా మాట ఆ చెవులకు ఎక్కదు. ఇద్దరూ వలలు భుజాన వేసుకుని నీళ్లవైపు పోయారు.